గిన్నె అంచు తుడిచిన చెయ్యి

పోయిన నెల పాలకొల్లు వైపు నుంచి ఒక యువ బోధకుడు మా సంఘాన్ని చూడవచ్చాడు. ఆదివారం ఆరాధన ముగిసి మావాళ్లు చాపలు చుట్టి గోడకు చేరవేస్తూ ఉండగా, అతడు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల మీది తెల్లని గుడ్డను వేళ్లతో తడిమి చూశాడు.

"ఇంత శుభ్రంగా బల్ల వేసే సంఘాన్ని నేనెక్కడా చూడలేదండి. ఈ పద్ధతి ఎవరు పెట్టేరండి?" అని అడిగాడు.

చాపలు చుట్టేవారు తలలెత్తలేదు. కడకు మరియమ్మ నోరు విప్పింది. మా సంఘంలో ఆమే అందరికంటె పెద్దది. ఇప్పుడు కళ్లు సరిగా కనబడవు గాని నోరు మాత్రం ఎప్పటివలెనే ఉంది.

"పంతులుగారిని అడగండి బాబూ. ఆ పెద్దయ్యగారి మనిషి ఈయనే" అంది.

ఒకప్పుడు ఆ మాట అనిపించుకోవడం నాకు గౌరవంగా ఉండేది. "ఒక పెద్దాయన పెట్టారు. కాలం చేశారు" అని మాత్రం చెప్పి నేను తాళంచెవి తీసుకున్నాను. ఆ యువకుడు మర్యాదస్థుడు, మరి ఏమీ అడగలేదు. అతనికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పేరు రాయను. ఆయన పిల్లలు ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు, వారితో నాకు తగవు లేదు.

ఆయన పొడగరి. ఎడమ చెయ్యి నడుము వెనుక ఆనించి, కుడి చెయ్యి మాత్రమే ఊపుతూ నడిచేవారు. దూరాన కాలువ గట్టు మీద ఎవరైనా అలా నడిచి వస్తుంటే పశువుల కాపరులు కూడా పోల్చేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఎవరేమి చెప్పినా "ఆయ్" అనేవారు. అది ఒప్పుకోవడమో, వినడమో, ఇక చాలించమనడమో ఎదుటివారే తేల్చుకోవాలి. మాకు సువార్త తెచ్చిన మిషను దొరగారు సైతం తేల్చుకోలేక నా వైపు చూసేవారు.

రాజోలుకు దిగువన, వసిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఆయనకు పల్లపు భూమీ కొబ్బరితోటా ఉండేవి. మాకు దూరపు చుట్టరికం, వరసకు పెదనాన్న. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలువలు తవ్వుతున్న రోజులవి. దొరగారు పడవలో వచ్చి కొన్నాళ్లు ఉండి బోధించి వెళ్లేవారు. మళ్లీ ఎన్నో నెలలకు గాని వచ్చేవారు కారు. ఆ నడుమ సంఘాన్ని నిలబెట్టినది ఆయనే. ఆ సంఘంలో ఆయన కులంవారు మరెవ్వరూ లేరు. మిగిలినవారందరూ ఊరికి దక్షిణాన ఉన్న పేటలో మగ్గాలు నేసే మాలలు. తరువాతి కాలంలో నేను చేరాను.

శనివారం సాయంకాలం బల్ల పని మొదలుపెట్టేవారు. యానాం నుంచి వచ్చే పడవలో ఎండుద్రాక్ష తెప్పించి, వేడినీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి, పలుచని గుడ్డలో వడబోసేవారు. మా సీమలో గోధుమ పండదు. ఆ పిండి కూడా పడవ మీదనే రావాలి. రొట్టె పిండి తానే కలిపి, తానే పెనం మీద కాల్చేవారు. ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవారు కారు. ఒకసారి మరియమ్మ, "నేను కాలుస్తాను పెద్దయ్యగారూ, ఆడదాన్ని నేనుండగా మీరెందుకండి పొయ్యి దగ్గర" అంటే, "ఇది వంట కాదమ్మా, సేవ" అన్నారు. ఆ మాటకు ఆమె కళ్లు చెమర్చడం నేను చూశాను.

నేను బందరులో దొరల బడిలో చదువుకొని వచ్చినవాణ్ణి. వ్యాకరణం, గణితం, భూగోళం నేర్చాను, విశ్వాసం నేర్వలేదు. ఈ ఊరి మిషను బడిలో పంతులుగా చేరిన కొత్తలో ఆరాధన జరిగేటప్పుడు వెలుపలనే ఉండిపోయేవాణ్ణి. అయితే కిటికీ గుండా లోపలి క్రమం కనబడేది. మగవారు ఒక వరుస, ఆడవారు ఒక వరుస. ఎవరి చోటు వారిది. నడుమ బల్ల, బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద రొట్టె, దొరసాని ఇచ్చిన రెండు పిడుల గిన్నె. ఆయన లేచి వందనాలు చెల్లించి, రొట్టె విరిచి, పక్కవారికి అందించేవారు. తరువాత గిన్నె ఎత్తి ముందుగా తాను తాగి, గుడ్డ మడతతో అంచు తుడిచి, గిన్నెను కొంచెం తిప్పి అందించేవారు. అది మగవారి వరుస చివరిదాకా వెళ్లి, అక్కడినుంచి ఆడవారి వరుసకు దాటేది. చప్పుడు లేదు, తోపులాట లేదు. మనుషులు ఇంత పద్ధతిగా ఒక పని చేయగలరని నేను అంతకుముందు ఎరుగను.

ఆ తుడిచే తీరును చూసి పేటవారు కరిగిపోయేవారు. "పెద్దయ్యగారు తన ఎంగిలి మాకు అంటకూడదని తుడుస్తారండి, అంత మనసండి ఆయనది" అని పేతురు నాతో అన్నాడు. పేతురు నేతగాడు. చిన్నమనిషి, మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని వంగిన వీపు. బాప్తిస్మానికి ముందు అతణ్ణి ఆయన పరీక్షించినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"నీళ్లు ఏం చేస్తాయిరా?" అని అడిగారు ఆయన.

పేతురు చాలాసేపు ఆలోచించాడు. "తడుపుతాయండి" అన్నాడు.

అక్కడున్నవారు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఆయ్. తడుపుతాయి. అంతే చేస్తాయి. పాపం కడిగేది నీళ్లు కావు. నీలో ముందే జరిగినదాన్ని నలుగురి ముందూ ఒప్పుకోవడానికి మునగడం. జరగకపోతే తడిసి ఇంటికెళ్తావు, అంతే" అన్నారు. సంస్కారాలను గూర్చి బందరులో నేను చదివిన పాఠాలలో ఇంత పొందికగా చెప్పినది ఒక్కటీ లేదు.

మరొక ఆదివారం మరియమ్మ తన వంతు రొట్టెముక్కను నోట వేసుకోకుండా కొంగున ముడి వేసుకోవడం ఆయన చూశారు.

"ఎందుకమ్మా దాచేవు?"

"దూడకి కడుపు ఉబ్బిందండి. దీంట్లో మహిమ ఉంటాది కదా, పెడదామని."

"దూడకి పెడితే దూడ తింటాది. రొట్టె రొట్టేనమ్మా. మంత్రం లేదు, మందు లేదు. ఆయన మన కోసం చచ్చిపోయేరని తలుచుకుంటూ అందరం కలిసి తినడంలోనే ఉంది ఉన్నదంతా. ఒక్కదానివే ఇంటికి పట్టుకుపోతే ఏమీ మిగల్దు."

"అయితే దూడ గతి ఏంటండి?"

"వాము ఉడకబెట్టి పొయ్యి."

మరియమ్మ ముడి విప్పి రొట్టె తినేసింది. దూడ బతికిందనీ, వాము గొప్పతనం తాను ఒప్పుకోననీ మరుసటి వారం అందరికీ చెప్పింది.

ఇటువంటి మాటలతో ఆయన నన్ను లోపలికి లాగారు. ఒకనాడు కిటికీ దగ్గర నన్ను చూసి బయటికి వచ్చి, "పంతులుగారూ, మన దేశంలో మనిషిని మనిషి నుంచి విడదీసేది దేవుడు కాదండి, ఎంగిలి. పెదవి తగిలితే గిన్నె పాడైపోయిందంటాం. ఇక్కడ ఒక్క గిన్నె. అందరి పెదవులూ దానికే. ఎంగిలి అన్న మాట ఈ గుమ్మం బయట విడిచి రావాలండి" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. క్రమం అంటే ఇష్టపడేవాడికి అంతకంటె పెద్ద క్రమం ఎవరూ చూపలేరు.

మా అమ్మ కాలువకు అవతలి ఊళ్లో ఉండేది. నాకు ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. నేను కీర్తనలు పాడుకున్నా, దొరగారి గ్రంథం చదువుకున్నా ఆమెకు పట్టింపు లేదు. బాప్తిస్మం సంగతి చెప్పినప్పుడు చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

"నువ్వు ఏ దేవుణ్ణి కొలుచుకున్నా నాకు బాధ లేదు నాయనా. ఆ గిన్నె మాత్రం నోట పెట్టుకోకు. అది పెట్టుకున్నాక నేను తలుపు తీస్తానన్నా నీ బాబాయిలు తియ్యనివ్వరు" అంది.

నేను ఆ మాట ఆయనకు చేరవేశాను. గిన్నె ముట్టకుండా రొట్టె మాత్రం తీసుకొని సంఘంలో ఉండవచ్చునా అని అడిగాను. అలా అడగడానికి నాకే సిగ్గు వేసింది.

"ఉండకూడదండి. గిన్నె వదిలేస్తే బల్ల లేదు. సగం బల్ల అంటూ ఎక్కడా లేదండి" అన్నారు.

ఆ మాట సత్యమని నాకు తెలుసు. వసిష్ఠలో నడుములోతు నీళ్లలో ఆయన చేతుల మీదనే మునిగాను. మొదటి ఆదివారం ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మగవారి వరుస చివరికి నడిపించారు.

"మీరిక్కడ కూర్చోండి పంతులుగారూ. చదువుకున్నవారు, మన కులంవారు. మీరు మగవారందరి తర్వాత తాగితే దాన్ని మించిన సాక్ష్యం లేదు" అన్నారు.

ఆ చోటును నేను బిరుదువలె పుచ్చుకున్నాను. ఆయన మొదట తాగేవారు. నడుమ పేట మగవారందరూ తాగేవారు. చివర నేను. గిన్నె నా చేతికి వచ్చేసరికి అంచంతా తడిగా ఉండేది. మొదటిసారి పొడి చోటు కోసం గిన్నెను తిప్పి చూశాను. ఆ తడిని నాలుకతో గ్రహించి మింగాను. రెండవసారి తిప్పలేదు.

మా ఇంటి తలుపు ఆ వారమే మూసుకుంది. బాబాయిలు నాకు నీళ్లు వదిలారు. తరువాత మూడేళ్లకు అమ్మ పోయింది. చూడనివ్వలేదు. కాలువకు ఇవతలి గట్టు మీద నిలబడి, అవతల లేచిన పొగను చూశాను. ఆయన నా పక్కన నిలబడి ఉన్నారు. నా కోసం తన పంటకోత మానుకొని వచ్చారు. "సంఘమే మీకు తల్లి అనుకోండి పంతులుగారూ" అన్నారు. నేను అనుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆయన భార్య బాప్తిస్మం తీసుకోలేదు. అది ఆమె ఇష్టం. కాని ఆయనను చుట్టాలెవ్వరూ విడిచిపెట్టలేదు. పెళ్లిళ్లకు పిలిచేవారు, పంక్తిలో కూర్చోబెట్టేవారు. కూతురికి మంచి సంబంధం వచ్చింది. ఇది ఎలాగని ఒకసారి అడిగితే, "మావాళ్లు మెత్తనివాళ్లండి. మీ బాబాయిలే కరుకు" అన్నారు. నేను మా బాబాయిలను ఇంకొంచెం అసహ్యించుకున్నాను.

వానలు వెనుకబట్టిన తరువాత ఒక ఏడు దొరగారు వచ్చారు. సంఘాన్ని కూర్చోబెట్టి, బల్ల ఒక్క మనిషి చేతిలోనే ఉండిపోవడం తగదనీ, మన విశ్వాసంలో పూజారి లేడనీ, పెద్దలు వంతులవారీగా దానిని నడపాలనీ చెప్పారు. రెండవ పెద్దగా పేతురును నిలబెట్టారు. బల్ల నడిపేవాడు ముందు తాగి ఆ తరువాత తోటి పెద్దకు అందించాలి. అది పెద్దయ్యగారు పెట్టిన వరుసే. ఆయన "ఆయ్" అన్నారు.

ఆ ఆదివారం పేతురు నేసిన కొత్త పంచె కట్టుకొని వచ్చాడు. ప్రార్థన చేశాడు. రొట్టె విరిచి అందించాడు. ఆయన తీసుకున్నారు, తిన్నారు. పేతురు గిన్నె ఎత్తి తాగి, రెండు చేతులతో ఆయనకు అందించాడు. తుడవాలని అతనికి తోచలేదు.

ఆయన గిన్నె పుచ్చుకున్నారు. గుడ్డ మడత తీసి అంచు తుడిచారు. గిన్నెను కొంచెం తిప్పి మళ్లీ తుడిచారు. మరికొంచెం తిప్పి మళ్లీ. సంఘమంతా చూస్తోంది. కొడవలికి సాన పట్టేవాడు తన పని తప్ప మరొకటి చూడనట్టు, ఆయన ఆ అంచునే చూస్తూ తుడుస్తున్నారు. ఒక దశలో గిన్నె పెదవుల దాకా వెళ్లింది. పెదవులు విడలేదు. అప్పుడు గిన్నెను మెల్లగా బల్ల మీద పెట్టి, గుడ్డను నాలుగు మడతలు వేసి దాని పక్కన పెట్టి, ఎడమ చెయ్యి వెనుకకు ఆనించుకొని నడిచి వెళ్లిపోయారు.

దొరగారు జ్వరమేమో అనుకున్నారు. బయట పేతురు కూడా, "ఒంట్లో బాగోలేదేమోనండి" అన్నాడు.

"ఒంట్లో బాగానే ఉంది. నోట్లోనే బాగోలేదు" అంది మరియమ్మ.

మరునాడు ఉదయం ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని కొబ్బరితాడు పేనుతున్నారు. కూర్చోమని అరుగు చివర చూపించారు. నేను నిలబడే అడిగాను.

"ఎందుకు తాగలేదండి?"

"ఆయ్."

"అది జవాబు కాదండి, పెద్దయ్యగారూ."

ఆయన చేతులు ఆగాయి. "మనసు ఒప్పుకుంది పంతులుగారూ. ఒట్టు. నోరు ఒప్పుకోలేదు. బలవంతాన పోసుకుంటే కక్కేద్దునేమో. బల్ల దగ్గర కక్కడం కన్నా లేచిపోవడం నయమనిపించింది."

"ఇన్నేళ్లూ తాగేరు కదండీ అదే గిన్నె."

ఆయన నా వైపు చూడలేదు. "ముందు తాగేనండి" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆ అరుగూ తోటా కాలువా అన్నీ ఉన్నచోటనే ఉండగా నేనొక్కణ్ణే ఎక్కడికో జారిపోతున్నట్టయింది. రొట్టె తన చేత్తోనే కాల్చడం, ముందుగా తాగడం, అంచు తుడవడం. మేము వినయమనీ సేవ అనీ పేరు పెట్టుకున్నవన్నీ ఒక్క పనికే ఉపయోగపడ్డాయి. పేటవారి పెదవి తగిలిన గిన్నె ఏ ఆదివారమూ తిరిగి ఆయన పెదవికి రాలేదు.

లోపలినుంచి దొడ్డమ్మగారు, అంటే ఆయన భార్య, మజ్జిగ పట్టుకొని వచ్చారు. ఆయనకు గ్లాసు. నాకు చెంబు, చెంబు ఆవిడ చేతిలోనే ఉంది.

"దోసిలి పట్టు అబ్బాయ్, పోస్తాను" అన్నారు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన తన గ్లాసు వైపు చూసుకున్నారు.

"ఏంటలా నిలబడ్డావు? ఎండలో వచ్చేవు, తాగు. గిన్నె సంగతేనా మీ ఇద్దరి తగువూ? ఊరంతా తెలిసిందానికి తగువెందుకు?" అన్నారావిడ.

"ఏం తెలుసండి ఊరంతటికీ?"

"నీళ్లల్లో మునిగితే కులం పోతుందా? గోదావరేగా. రొట్టా, అది పొడిది, ఈయన చేత్తో చేసిందే. ఆ గిన్నొక్కటే కదా నాయనా పీకలమీదకొచ్చేది. అదీ ఈయనే ముందు తాగుతారు, ఎవరెంగిలీ తాగరని ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్పుకొచ్చేను. లేకపోతే మా పిల్ల మెళ్లో పుస్తె పడేదా?"

"నువ్వూరుకోవే" అన్నారు ఆయన.

"ఎందుకూరుకోవాలి? వీళ్లమ్మ తెలిసే కదా వచ్చింది. ఇదిగో, ఈ అరుగు మీదే కూర్చుంది. 'మావాడు ఆగేలా లేడు బావగారూ. మీ పక్కన రెండోవాడిగా కూర్చోబెట్టండి. మీ ఎంగిలైతే మన ఎంగిలే. మా మరుదులకి నేను చెప్పుకుంటాను, వాణ్ణి ఇంట్లోకి రానిస్తారు' అని బతిమాలింది. ఈయన ససేమిరా అన్నారు. ఆ ముసలావిడ కళ్లు తుడుచుకుంటా పడవ ఎక్కింది. ఏమోనమ్మా, నాకైతే అది తప్పనిపించింది."

నాకు ఆ సంగతి తెలియదు. నా తల్లి కాలువ దాటి వచ్చి ఆ అరుగు మీద కూర్చున్నదని, నా కోసం అడగవలసినది అడిగి వెళ్లిందని, ఆమె పోయిన నాడు పొగ చూస్తూ నా పక్కన నిలబడిన మనిషి నాకు చెప్పలేదు.

"నిజమేనా అండి?" అన్నాను.

"ఆయ్" అన్నారు. ఆ ఒక్కసారి దాని అర్థం తేల్చుకోవలసిన పని లేకపోయింది.

తరువాత ఆయనే అన్నారు: "మిమ్మల్ని నా పక్కన కూర్చోబెడితే మీరూ నాలాగే అయిపోదురండి. నా వల్ల కానిది మీ వల్ల అవుతుందనే చివర కూర్చోబెట్టేను. అయింది కదండీ? నేను చెప్పినదాంట్లో ఒక్కటైనా అబద్ధం ఉందా?"

"మీలాగ అయ్యుంటే మా అమ్మ తలుపు తీసేదండి."

ఆయన తాడు పురి మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. దొడ్డమ్మగారు చెంబు ఎత్తి పట్టుకొనే ఉన్నారు. నేను దోసిలి పట్టలేదు. కాలువ గట్టు మీదుగా బడికి వచ్చి, ఆ రోజు పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. నీళ్లు తడుపుతాయన్నది నిజం, రొట్టె రొట్టేనన్నది నిజం, ఒక్క గిన్నె అన్నది నిజం. అబద్ధికుడు మోసగిస్తే వాడు చెప్పినది విడిచిపెట్టి ఇంటికి పోవచ్చు. ఆయన నాకు ఆ దారి కూడా ఉంచలేదు. చెప్పినదంతా నమ్మదగినదే, చెప్పిన మనిషి మాత్రం దానిని నా చేత తాగించి తాను ఇంటికి భోజనానికి వెళ్లేవారు.

ఆ తరువాత ఆయన బల్లకు రాలేదు. సంఘం ఆయనను వెలివేయలేదు. దొరగారు రెండుసార్లు వెళ్లి మాట్లాడారు. రెండుసార్లూ ఆయన మర్యాదగా "ఆయ్" అన్నారు. పేతురు పండుగలకు వెళ్లి అరుగు కింద నిలబడి పలకరించి వచ్చేవాడు. నేను వెళ్లలేదు. ఒక కార్తికంలో ఆయన పోయారు. కులంవారు వచ్చి తమ పద్ధతి ప్రకారమే నది ఒడ్డున దహనం చేశారు. ప్రాయశ్చిత్తం ఏదీ అవసరం కాలేదని విన్నాను.

ఇక నా సంగతి. పగ ఉంచుకొని బల్లకు రాకూడదన్నది మా నియమం. తోటివాడి మీద మనసులో తగవు ఉన్నవాడు ముందు దానిని తీర్చుకోవాలి, ఆ తరువాతనే గిన్నె ముట్టాలి. బాప్తిస్మానికి వచ్చేవారికి ఆ నియమం వల్లె వేయించేది నేనే. కనుక ఆ సోమవారం తరువాతి ఆదివారం నుంచి నేను నా చోటులోనే కూర్చొని, రొట్టె గాని గిన్నె గాని తీసుకోకుండా అవతలి వరుసకు అందిస్తూ వచ్చాను. ఆయన బతికి ఉన్నన్నాళ్లు, ఎప్పటికైనా వెళ్లి తీర్చుకోవచ్చునన్న మాట ఒకటి ఉండేది. ఆయన పోయాక అదీ లేదు. ఎవరితో తగవు ఉన్నదో ఆ మనిషే లేనప్పుడు నియమం ఏమి చెబుతుందో నాకు దొరకలేదు.

ఆయన పోయిన తరువాతి ఆదివారం పేతురు బల్ల నడిపాడు. గిన్నె వరుస వెంట వచ్చి నా చేతికి అందింది. నేను అలవాటు చొప్పున ఆడవారి వైపు చాచాను. మరియమ్మ చెయ్యి చాపలేదు. పేతురు బల్ల దగ్గరనుంచి లేచి వచ్చాడు. బల్ల నడిపేవాడు నడుమ లేవకూడదు. నా చేతిలోని గిన్నెను తాను తీసుకొని, నా ఎదుట నిలబడ్డాడు.

"పంతులుగారూ, పెద్దయ్యగారు తాగకుండా వెళ్లిపోయేరు. మీరు తాగకుండా కూర్చుంటున్నారు. ఇక ఈ గిన్నె తాగేది మా పేటవాళ్లమేనండి. మా గిన్నెలో మేం తాగడానికి ఆదివారందాకా ఆగడమెందుకండి? రోజూ ఇంట్లో తాగుతూనే ఉన్నాం కదా" అన్నాడు.

అతని గొంతులో కోపం లేదు. నూలు తక్కువైందని చెప్పేటప్పుడు ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు.

"నేను ఆయన్ని క్షమించలేదు, పేతురూ" అన్నాను. సంఘమంతా వింది.

"అది నేనడగలేదండి. తాగమంటున్నాను."

అతని వెనుక మగవారి వరుసంతా నా వైపు తిరిగి ఉంది. ఏళ్ల తరబడి వాళ్ల పెదవులు తగిలిన తరువాతనే నా వంతు వచ్చింది. వాళ్లలో ఒక్కడైనా నన్ను చివర కూర్చోమని అడగలేదు. నా తల్లి గురించి వాళ్లకు తెలియదు, తెలిసినా నా ముందు అనలేదు. ఆ మొదటి ఆదివారం పెద్దయ్యగారికి అందించినట్టే పేతురు రెండు చేతులతో గిన్నె నాకు అందించాడు.

తీసుకొని తాగాను.

అది నియమానికి విరుద్ధం. దొరగారి ఎదుటనైనా, అంతకు పైవారి ఎదుటనైనా దానిని సమర్థించుకునే వాక్యం ఒక్కటీ నా వద్ద లేదు. ఆయనను అప్పుడు క్షమించలేదు, ఇప్పుడూ క్షమించలేదు. ప్రతి ఆదివారమూ తాగుతున్నాను.